తొమ్మిదో నంబరు సూది

తాళాల బావ చేసిన అన్యాయాన్ని దర్జీ మర్చిపోలేదు, మర్చిపోయే ఉద్దేశమూ లేదు. నాలుగేళ్ళ కిందట, తాగి తాగి కలం కూడా సరిగ్గా పట్టుకోలేని రోజుల్లో, భార్యకు స్వయానా అన్నగారైన ఆ పెద్దమనిషి అమ్మకం కాగితం ముందు పెట్టి, వేలితో చోటు చూపించి, "ఇక్కడ బావా" అన్నాడు. బజారు మలుపులోని కుట్టు షాపు అలా చేతులు మారింది. దాని తాళం వెళ్ళి ఆయన గుత్తిలో చేరింది. మాట్లాడుతున్నంతసేపూ ఆ గుత్తిని చూపుడు వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పడం ఆయన అలవాటు. ఆ పేరు పెట్టింది దర్జీయే. ఇప్పుడు ఇంట్లో అందరూ అదే అంటారు, ఆయన లేనప్పుడు.

ఆ ఉదయం ఆయన దర్జీ ఇంట్లోనే ఉన్నాడు. కిటికీకి అడ్డంగా కుర్చీ వేసుకుని టీ చప్పరిస్తున్నాడు. బయట మబ్బు పట్టింది. కూతురు కాలేజీకి వేళవుతోందని దువ్వెన కోసం ఇల్లంతా గాలిస్తోంది. దర్జీ భార్య పనిలోకి వెళ్ళే చీర కట్టుకుని, తన అన్నం డబ్బా సర్దుకుంటూ అన్నగారి గుత్తి వైపే చూస్తోంది. ఏడాదిపాటు చుక్క ముట్టకపోతే షాపు మళ్ళీ దర్జీకే అద్దెకిస్తానని, తాళం తన చేత్తోనే ఇస్తానని ఆయన చెల్లెలికి మాటిచ్చాడు. ఆ ఏడాది నిన్నటితో నిండింది.

"ముందు మీ పరీక్ష కానివ్వండి. నేనూ చూస్తాను," అన్నాడు తాళాల బావ.

ఆ పరీక్ష దర్జీ తనకు తానే పెట్టుకున్నది. మందు మాన్పించే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మొదటి రోజు, చిరిగిన జేబు కుడదామని కూర్చుంటే మధ్యాహ్నం దాకా సూదిలోకి దారం ఎక్కలేదు. చేతులు అంతగా వణికాయి. ఏడో తరగతిలో బడి మానేసి సూది పట్టినవాడు, ముప్పయ్యేళ్ళు దాంతోనే బతికినవాడు, ఆ రోజు దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాడు. మర్నాడు లేచి భార్యతో అన్నాడు: "రోజూ పొద్దున్నే తొమ్మిదో నంబరు సన్న సూదీ, నల్లదారమూ నా చేతికివ్వు. మూడుసార్లలో ఎక్కిస్తే కత్తెర ఇవ్వు, పనిలో కూర్చుంటాను. ఎక్కించలేకపోతే తాగానని అర్థం చేసుకో. ఇంకేమీ అడక్కు."

ఆవిడ అలాగే చేసింది. పెద్ద కత్తెర బీరువాలో పెట్టి, రోజూ సూది చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని చూసింది. జ్వరమొచ్చిన రోజు కూడా వదల్లేదు.

అయితే నెల రోజులుగా సూది కన్ను దర్జీకి సరిగ్గా కనిపించడం లేదు. దగ్గరగా పెట్టుకుంటే అలుక్కుపోతోంది. తాగుడు వదిలినా అది చేసిన చెరుపు వదల్లేదని, చేతుల తర్వాత ఇప్పుడు కళ్ళ మీద పడిందని లోలోపల హడలిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. కిటికీ దగ్గరికి జరిగి, చెయ్యి బారుగా చాచి, వెలుతురులో ఎలాగో నెట్టుకొస్తున్నాడు. ఇవాళ ఆ కిటికీలో తాళాల బావ వీపుంది.

మొదటిసారి దారం సూది పక్కనుంచి పోయింది. కొస తడిచేసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పోయింది. గుత్తి తిరగడం ఆగింది. మూడోసారి దారం వేలికి తగిలి వంగిపోయింది.

భార్య డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"నిన్న సాయంత్రం ఎక్కడికెళ్ళావు బావా?" అన్నాడు తాళాల బావ, మెత్తగా.

"మందు మానేసినవాళ్ళ మీటింగుకి. వారం వారం వెళ్తాను. నీకూ తెలుసు."

"అక్కడ టీయే ఇస్తారా, ఇంకేమైనా పోస్తారా?"

దర్జీ లేచి వెళ్ళి, ఆయన మొహం మీదికి వంగి గట్టిగా ఊదాడు. "చూసుకో. పళ్ళపొడి వాసన తప్ప ఇంకేమైనా వస్తే చెప్పు."

"వాసన రాని రకాలు కూడా ఉన్నాయట కదా."

"నీకు బాగానే తెలుసే."

"ఆపండి," అంది భార్య. "ఎక్కించలేకపోతే తాగినట్టేనని మీరే చెప్పారు. నేను పెట్టిన షరతు కాదు. నా మొహం చూసి చెప్పండి, తాగారా?"

"లేదు."

"మరి?"

దర్జీ ఆవిడ మొహం చూశాడు. పాత రోజుల్లో అయితే ఒట్లు పెట్టేవాడు, కాళ్ళ మీద పడేవాడు. ఇవాళ అతని మెడ వంగలేదు.

"లేదన్నాను. రెండోసారి అడిగితే జవాబుండదు. బతిమాలుకోవడం కూడా మందుతోపాటే మానేశాను."

బల్ల మీదున్న బూడిదరంగు ప్యాంటు గుడ్డ లాగి పరిచాడు. సుద్ద తీసుకుని, స్కేలు లేకుండా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక్క ఊపులో గీత గీశాడు. దాని పక్కన టేపు పరిచాడు. నూలుపోగంత తేడా లేదు.

"ఇది తాగినవాడి చెయ్యా బావా? నువ్వో గీత గియ్యి. పొద్దున్నుంచీ టీ తప్ప తాగలేదుగా."

"చెయ్యి అంత బాగుంటే దారమెందుకు ఎక్కలేదు?"

ఇక దాచి లాభం లేదనుకున్నాడు దర్జీ. "కనిపించడం లేదు. నెలైంది. తాగుడు కళ్ళు కూడా తినేసింది. చాలా? సంతోషమా?"

కూతురు దువ్వెన జుట్టులోనే ఉంచేసి వచ్చి, సూదీ దారం తీసుకుని తల్లి చేతిలో పెట్టింది. "అమ్మా, నువ్వు ఎక్కించు."

"నేనెందుకే?"

"ఎక్కించమ్మా. మొన్న నీ జాకెట్టు హుక్కులకి దారం ఎవరెక్కించారు? అంతకుముందు దిండు గలీబుకి ఎవరెక్కించారు? నేను కాదూ?"

ఆవిడ సూది దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది, కళ్ళు చికిలించింది. దారం మూడుసార్లూ గాల్లోనే తిరిగింది.

"నువ్వేం తాగావమ్మా?" అంది కూతురు. తర్వాత మేనమామ వైపు తిరిగింది. "మావయ్యా, నువ్వూ ఓ చెయ్యి వేస్తావా?"

తాళాల బావ గుత్తి ఒళ్ళో పెట్టుకుని ప్రయత్నించాడు. సూది కొసతో వేలు గుచ్చుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"నలభై దాటితే అందరికీ ఇంతే. మీకు కావాల్సింది ఒట్లు కాదు, కళ్ళజోళ్ళు," అంది కూతురు.

దర్జీ కుర్చీలో కూలబడ్డాడు. నెల రోజులు గుండెల్లో మోసిన భయం ఇంత చిన్నదా? తాగుడు తెచ్చిన తెగులు కాదు, అందరికీ వచ్చే వయసే. అందరితో పాటు తనకూ ఒకటి వచ్చిందంటే అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. భార్య మాత్రం నవ్వలేదు, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఒక్క క్షణంలో మీ మీద నమ్మకం పోగొట్టుకున్నాను," అంది.

"పోగొట్టినవాణ్ణి నేను. పదకొండేళ్ళు తీరుబడిగా పోగొట్టాను. కానీ విను. రేపట్నుంచి ఈ పరీక్ష లేదు. కళ్ళజోడు వచ్చినా లేదు. నమ్మితే నమ్ము, నమ్మకపోతే ఈ ఇంట్లోనే కూర్చుని చూస్తూ ఉండు. నేను తాగకుండా ఉండేది నీ సూది కోసం కాదు."

"మరి దేనికోసం?" అన్నాడు తాళాల బావ. ఈసారి వెటకారం లేదు.

"మొదట్లో నీ మీద కసితో. నేను పడిపోతే చూద్దామని కూర్చున్నావు కదా, చూడనివ్వకూడదని. ఆ కసి మూడు నెలలు బాగానే పనిచేసింది. తర్వాత ఓ రోజు పొద్దున్నే లేచేసరికి ముందురోజు రాత్రి జరిగినవన్నీ గుర్తున్నాయి. ఏం తిన్నానో, పిల్ల ఏం చెప్పిందో, ఎవరెందుకు నవ్వారో. ఆ రుచి మరిగాను బావా. అది వదులుకోమంటే నిన్నైనా వదులుకుంటాను."

తాళాల బావ చాలాసేపు గుత్తితో కుస్తీపట్టి, షాపు తాళంచెవి ఊడదీసి సుద్ద గీత మీద పెట్టాడు. "నేను కొనకపోతే ఇంకొకడు కొనేవాడు," అని గొణిగి, టీ సగంలో వదిలి వెళ్ళిపోయాడు.

పనికి ఆలస్యమైతే అయిందని భార్య కూడా షాపుకి వచ్చింది. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. లోపల అరల నిండా దుమ్ము. మిషను మీద మాత్రం ఉతికిన దుప్పటి కప్పి ఉంది. దర్జీ దుప్పటి తీసి చక్రం తిప్పాడు. అది చప్పుడు లేకుండా తిరిగింది. వేలికి కొత్త నూనె అంటింది. తాళాల బావ నాలుగేళ్ళు ఎవరికీ అద్దెకివ్వకుండా, నూనె వేసుకుంటూ ఉంచాడన్న మాట.

"మంచితనం కూడా నన్ను సాధించడానికే," అన్నాడు దర్జీ. తిట్టు అలవాటుగా వచ్చింది కానీ అందులో పదును లేదు.

కొత్త బల్ల ఎక్కడ పడుతుందో చూడాలని టేపు ఒక కొస భార్యకిచ్చాడు. ఆవిడ గోడకానించి పట్టుకుని అడిగింది: "ఇంకా మా అన్నయ్యే లాక్కున్నాడంటారా?"

అతను టేపు చేతి బారున దూరంగా పెట్టుకుని అంకె చదువుకున్నాడు. తర్వాత రెండో గోడ కూడా కొలిచాడు.

"కాగితం ఆయన పెట్టాడు. తాగింది నేను," అన్నాడు. "పది అడుగుల నాలుగంగుళాల వెడల్పు, పద్నాలుగడుగుల పొడుగు. అంతా నేనే తాగేశాను, అంగుళం కూడా మిగల్చలేదు."