కొవ్వొత్తి పట్టని కౌంటెస్

మోంతెఫోస్కో కోట బురుజు మీంచి ఏజెంట్ డెల్మోని తోసేసి ఇరవై రోజులైంది. కాలు జారిందని పేపర్లు రాశాయి. జారిందట! మేకలా కొండలెక్కి పెరిగినవాడికి!

"తోసింది కౌంటెస్ ఒర్తెన్సియా," అన్నాడు కర్నల్ రావినా. "మన జీతం తింటూ అవతలివాళ్లకి పనిచేసే డబుల్ ఏజెంట్. మన ముప్పై తొమ్మిది మంది పేర్లున్న మైక్రోఫిల్మ్ కోటలో దాచింది. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి దానికోసం అవతలివాళ్ల కారొస్తుంది. ఫిల్మ్ చెయ్యి దాటిపోతే అందరిదీ డెల్మో దారే. ముందు ఫిల్మ్, ఎవాసియో. పగ తర్వాత."

"అలాగే సార్," అన్నాడు ఎవాసియో. డెల్మో అతని సొంత తమ్ముడు.

పదకొండున్నరకి తూరిన్ వైన్ వ్యాపారి వేషంలో, అంటించిన మీసంతో కోట మెట్లెక్కాడు. కోతల కాలం కదా, కొండంతా ద్రాక్ష వాసన.

"ఈ ఏడు పొగమంచు తొందరగా దిగింది," అన్నాడు, అవతలివాళ్ల మనిషిలా, వాళ్ల కోడ్ ప్రకారం.

"ద్రాక్షకి మంచిదేగా," అని నవ్వింది కౌంటెస్. ఎర్ర గౌను, మెళ్లో ముత్యాలు. అందగత్తే, ముదనష్టపుది!

"ఫిల్మ్ ఇలా తే."

"ఏ ఫిల్మ్?"

మీసం పీకేశాడు. "నేను డెల్మో అన్నని."

రెప్పపాటులో ఆమె చేతిలోకి పిస్టల్ వచ్చింది. వెనక్కి నడుస్తూ, వైన్ పులియబెట్టే నేలమాళిగ తలుపు తన్నింది. ఫిల్మ్ అక్కడే, రోడ్డు మీదికి పోయే సొరంగమూ అక్కడే.

"ఆగు! కొవ్వొత్తి పట్టుకో!" నోరు జారాడు ఎవాసియో. చిన్నప్పటి అలవాటు. కొత్త ద్రాక్షరసం పులిసేటప్పుడు విషగాలి అడుగున పేరుకుంటుంది. కొవ్వొత్తి ఆరిందంటే ఇక్కడ పసిపిల్లలు కూడా వెనక్కి తిరుగుతారు.

"నా దగ్గర టార్చి ఉందిలే, పల్లెటూరి బైతా!" పకపకా నవ్వుతూ దిగిపోయింది. ఈ కోటలోనే పుట్టానని ఊరంతా చెప్పుకునే మనిషి!

కాసేపటికి నవ్వు ఆగింది. దబ్బుమని చప్పుడు.

ఛీ, దీన్నా నేను హెచ్చరించింది అనుకున్నాడు. గుండెనిండా గాలి పీల్చి, బిగపట్టి దిగాడు. ఆమె గుప్పిట్లో ఫిల్మ్. లాక్కున్నాడు. చావనీ పాపిష్ఠిదాన్ని! రెండు మెట్లెక్కాడు. మళ్లీ దిగి, జుట్టు పట్టుకుని పైకి ఈడ్చాడు.

పన్నెండు కొట్టింది. కింద రోడ్డు మీద కారు హారన్ మూడుసార్లు మోగింది. కూలీల వేషంలో ద్రాక్ష కోస్తున్న కర్నల్ ఏజెంట్లు నలుగురు గంపలు వదిలేసి కారుని చుట్టుముట్టారు.

గడ్డి మీద ఆమె దగ్గుతూ కళ్లు తెరిచింది. "ఎందుకు బతికించావు?"

"మా తమ్ముడు పడేటప్పుడు ఏమని అరిచాడో విన్నది నువ్వొక్కదానివే. మా అమ్మ రోజూ అడుగుతోంది. నువ్వే చెప్పాలి."

ఆమె మొహం పాలిపోయింది. "వద్దు... నన్ను జైల్లో పడెయ్!"

"జైలెక్కడికి పోతుంది?" అన్నాడు ఎవాసియో, సంకెళ్లు బిగిస్తూ. "మా అమ్మ చేతిలో మిగిలితే పంపిస్తాలే."