సోడా నీళ్లలో ఉతికిన టెంటు

బుధవారం పొద్దున్న ప్రార్థన ముగించుకుని, పొయ్యి మీద టీ గిన్నె పెట్టి, లీలారాణి కూతురి గది ఊడవడానికి వెళ్లింది. మంచం కింద చీపురు పెట్టగానే ముక్కిన వాసన గుప్పుమంది. వంగి చూస్తే షీబా టెంటు, సంచిలో చుట్టింది చుట్టినట్టే ఉంది. మూతి విప్పితే లోపల గుడ్డ ఇంకా చెమ్మగానే ఉంది. మడతల్లో నల్లటి బూజు చుక్కలు.

లీలారాణి ముప్పై ఏళ్లు శ్రీకాకుళంలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, పోయిన ఏడాదే రిటైరైంది. వాసన వచ్చే గుడ్డకు ఆమెకు తెలిసిన వైద్యం ఒక్కటే. మరిగే నీళ్లు, బట్టల సోడా, గట్టి బ్రష్షు. వార్డు దుప్పట్లు అలాగే ఉతికించింది. భర్త ఏసుదానం మంచాన పడ్డ రెండేళ్లూ ఆయన పక్కబట్టలు అలాగే ఉతికింది. ఇప్పుడు టెంటునీ అలాగే గంటసేపు నానబెట్టి, మేడ మీద పరిచి తోమి, మండుటెండలో తీగ మీద ఆరేసింది.

కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు దాలమ్మ తల పైకెత్తి చూసింది.

"ఏటి లీలమ్మా, పందిరి గుడ్డ ఆరేసినావు. పిల్లకి పెళ్లి గాని కుదిరిపోనాదేటి?"

ఇంకా లేదని చెప్పి లీలారాణి నవ్వేసింది గానీ ఆ మాట మనసులో ముల్లులా దిగింది. షీబాకి ఇరవై ఆరు. బడిలో టీచరు ఉద్యోగం మానేసి, కాలేజీ పిల్లల్ని కొండలెక్కించే ఒక సంస్థలో చేరి రెండేళ్లయింది. ఈ శనివారం మొదటిసారి తనొక్కతే పెద్దగా ఉండి, రాజాం కాలేజీ ఆడపిల్లలు పన్నెండు మందిని మహేంద్రగిరి తీసుకెళ్లాలి. రెండు రాత్రులు కొండ మీదే. నరసన్నపేట సంబంధం వాళ్లు పిల్లను చూడ్డానికి వస్తామన్నది ఆ ఆదివారమే. కొండ వాయిదా వేసుకోమని తల్లి, చూపులు వాయిదా వేయమని కూతురు. పన్నెండు రోజులుగా ఇద్దరి మధ్యా అవసరానికి మించి మాటల్లేవు.

మధ్యాహ్నం టెంటు తీయబోతే లోపలివైపు పల్చటి పూత పొట్టులా రాలి చేతికంటుకుంది. లీలారాణి దాన్ని చూస్తూ కాసేపు నిలబడింది. తర్వాత పొట్టు ఊడ్చేసి, టెంటు మడిచి యథాస్థానంలో పెట్టింది.

సాయంత్రం సామాను సర్దుకోబోయిన షీబా టెంటు విప్పి చూసి, మేడ మీదికి తీసుకెళ్లింది. చెంబుతో నీళ్లు పోస్తే గుడ్డలోంచి జల్లెడలోంచి కారినట్టు కారిపోయాయి.

"ఎవరు ఉతికారమ్మా దీన్ని?"

"నేనే. కంపు కొడతంటే సోడా ఏసి వేడినీళ్లలో పెట్టినాను."

ఆ పూతే వానను ఆపేదని షీబా చెప్పింది. టెంటును చన్నీళ్లతో మెత్తగా తుడిచి నీడన ఆరబెట్టాలి తప్ప సబ్బూ సోడా తగలకూడదంది. కొండ మీద ఇంకా వానలు పడుతున్నాయి. ఎవరికైనా జ్వరం వస్తే పడుకోబెట్టేది, మందులు తడవకుండా దాచేది బృందానికి పెద్దగా వెళ్లినవాళ్ల టెంటులోనే. అది లేకపోతే శనివారం తన బదులు ఇంకొకరిని పంపుతారు. చెబుతున్నంతసేపూ ఆమె గొంతు పెంచలేదు. చివర్లో మాత్రం తల్లి కళ్లలోకి చూసింది.

"నన్ను ఆపడానికి కావాలనే సేసినావు."

లీలారాణి పిట్టగోడ పట్టుకుని నిలబడింది.

"వాసన పోవాలనే ఉతికినాను. దేవుడి మీద ఆన. కానీ పొట్టు రాలతంటే సూసినాను. అప్పుడు నాకు సంతోషమేసింది, షీబా. ఇంక నువ్వు ఎల్లవు అనుకున్నాను. పాడైందని నీకు సెప్పకుండా మడిచి పెట్టేసినాను."

షీబా చేతిలోని చెంబు కింద పెట్టింది.

"కొండల మీంచి డోలీల్లో మోసుకొచ్చినోళ్లని ముప్పై ఏళ్లు సూసినాను. పాము కరిసినోళ్లు, జొరం ముదిరినోళ్లు. దారిలోనే పోయినోళ్ల కళ్లు నా సేత్తోనే మూసినాను. నువ్వు కొండ అన్నప్పుడల్లా నాకు ఆ డోలీలే కనపడతాయి."

ఇన్నేళ్లలో తల్లి ఆసుపత్రి నుంచి ఇంటికి ఒక్క చావు కబురూ తేలేదు. యూనిఫాం మార్చుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. ఆ డోలీల మాట షీబా వినడం ఇదే మొదలు. ఆమె తడిసిన గుడ్డను చేతుల్లోకి తీసుకుని బూజు మరకలు వేలితో తడిమింది. తడి టెంటు మడిచి పెట్టకూడదు, తప్పనిసరైతే ఇల్లు చేరగానే విప్పి ఆరబెట్టాలి. కొత్త పిల్లలకు తను మొదటి రోజు చెప్పే పాఠం అది. పన్నెండు రోజుల క్రితం అరకులో వానకు తడిసి వచ్చి, సంబంధం మాట వినగానే కోపంతో సంచిని మంచం కిందికి తన్నింది తనే.

"పూత ఆ బూజుకే సెడింది అమ్మా. మొదట పాడు సేసింది నేనే," అంది.

విశాఖలో తోటి ఉద్యోగి రూబీకి ఫోన్ చేస్తే, పూత మందు డబ్బా రాత్రి బస్సులో పంపింది. గురువారం తెల్లారగానే లీలారాణి స్పిరిటూ దూదీ తెచ్చుకుని కూర్చుంది. మిగిలిన పొట్టునంతా, పుండు మీద పాత కట్టు తీసినట్టు, గుడ్డ చిరగకుండా తుడిచింది. వెనకే షీబా మందు పూసుకుంటూ వచ్చింది. ఆరే లోపు తల్లి నరసన్నపేటకు ఫోన్ చేసి, మా అమ్మాయి కాలేజీ పిల్లల్ని తీసుకుని కొండకెళ్తోంది, పై ఆదివారం రండి అని చెప్పింది. షీబా కాదనలేదు.

శుక్రవారం సాయంత్రం మేడ మీద టెంటు నిలబెట్టి, తాళ్లు ఇటుకలకు కట్టారు. సుద్దముక్క పట్టుకుని లీలారాణి లోపలికి దూరింది. షీబా బయటి నుంచి బకెట్లతో నీళ్లు పోసింది. రెండు చోట్ల కుట్ల దగ్గర కారితే తల్లి గుర్తు పెట్టింది. నాలుగో బకెట్టయ్యాక లోపలి నుంచి చప్పుడు లేదు.

"అయిపోనాదా అమ్మా? బయటికొచ్చీ."

"ఆగు. ఇంకా నీళ్లు పొయ్యి."

షీబా మరో రెండు బకెట్లు పోసింది. కుట్ల మీద మళ్లీ పూయాల్సిన మందు రాత్రికి ఆరుతుందో లేదోనని లెక్క వేసుకుంటోంది.

"ఇక్కడొకటున్నాది. మరీ సన్నం. ఇలాటిది ఎవులికీ కనపడదు," లోపలి నుంచి తల్లి గొంతు వినిపించింది. "నువ్వు తలెట్టుకునే కాడ."

గుడ్డ మీద సుద్ద గీసిన చప్పుడైంది.

"ఇంకో బకెట్టు తేవే."

ఖాళీ బకెట్టు తీసుకుని షీబా కుళాయి దగ్గరికి వెళ్లింది. అది నిండి పొర్లుతున్నా ఆమెకు చాలాసేపు తెలియలేదు.