యాభై గీత తాకరాదు

ప్రతీక్ శవం నాగలమడిక దారిలో ఒక కల్వర్టు కింద దొరికింది. పర్సు, ఫోను, వాచీ పోయాయి. హంతకులు ముట్టనిది టిఫిన్ డబ్బా ఒక్కటే. దాని అడుగు గిన్నెలో, చిత్రాన్నం కింద, ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతల గ్రాఫ్ కాగితం ఉంది. కొండలా లేచి దిగిన వంపు గీత. దాని కొసను ఆనుకుని అడ్డంగా ఒక తిన్నని గీత. మాట ఒక్కటీ రాసి లేదు.

రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ మధ్యలో ఒక శుక్రవారం, ఉదయం పదకొండున్నర. బలసముద్రం సోలార్ పార్కు, ఏడో బ్లాకు. పానెళ్ళు కడిగే ఆడవాళ్ళు నీడలో కూర్చుని రాగి ముద్ద తింటున్నారు. వాళ్ళలో కొత్తగా చేరిన మనిషి తుడుపుకర్ర పిడిని చెవికి ఆనించుకుంది. పిడిలో ఫోన్ ఉంది.

"వడియాలు ఎండాయా?"

"ఎండ చాల్లేదు."

కోడ్ సరిపోయింది. ఆమె అంబుజ, ఏజెంట్ ఎక్స్-సెవెన్. సర్వీసులోకి రాకముందు ఎనిమిదేళ్ళు కాలేజీలో లెక్కలు చెప్పింది. అవతల బెంగళూరులో చీఫ్ నరసింహయ్య.

"బ్రీఫింగ్ విను. ప్రతీక్ మన మనిషి. విదేశీ ముఠా ఒకటి పార్కు కంప్యూటర్లలో ప్రోగ్రామ్ దూర్చిందని కనిపెట్టాడు. అది పనిచేస్తే పార్కంతా ఒక్క క్షణంలో ఆగిపోతుంది. దాంతో దక్షిణాది గ్రిడ్ కూలుతుంది. ఆపరేషన్ టేబుళ్ళ మీద మనుషులుంటారు, అంబుజా."

"ట్రిగ్గర్ ఎక్కడ?"

"పావగడ కొండ మీద. కాగితంలో గీసింది ఆ కొండనే. అడ్డగీత కోట గోడ. ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్ తనుశ్రీ చెప్పింది. ఈ రోజు పన్నెండింటికి ముహూర్తం. కమాండోలు రెండు రోజులుగా కొండంతా గాలిస్తున్నారు. ఫొటో పంపాను, చూసి బయల్దేరు."

అంబుజ ఫొటోను పెద్దది చేసింది. అడుగున సన్నని అంకెలు: ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను, పద్దెనిమిది. ఎడమ పక్కన పది నుంచి యాభై. ఆమెకు నవ్వొచ్చింది. సైకిల్ వేగానికి గ్రాఫ్ గీసిస్తే "మేడం, సైకిల్ కొండెక్కింది" అనే పిల్లలు ఏటా ఇద్దరైనా ఉండేవాళ్ళు.

"ఇది కొండ కాదు సార్. కింద ఉన్నవి గంటలు, పక్కన ఉన్నవి మెగావాట్లు. ఏ గంటకు ప్రతీక్ పనిచేసిన ఈ బ్లాకు ఎంత కరెంటు ఇస్తుందో, అంతే. అడ్డగీత యాభై. కరెంటు దాన్ని తాకితే ప్రోగ్రామ్ లేస్తుంది."

"తనుశ్రీ ఫీల్డులో ఉంది, అంబుజా."

"నేనూ ఫీల్డులోనే ఉన్నాను."

"కొండ దగ్గరికి పో. ఇది ఆర్డర్."

"పోను సార్."

ఫోన్ పెట్టేసింది. నిన్నటి గరిష్ఠం నలభై తొమ్మిది పాయింట్ ఆరు. ఆఫీసు బోర్డు మీద ఆమే చూసింది. ఈ పొద్దు బ్లాకంతా అద్దంలా కడిగారు, ఆకాశంలో మబ్బు తునక లేదు. ఈ రోజే గీత తాకుతుంది. కంట్రోల్ రూమ్ కంప్యూటర్లు పదింటి నుంచి అంకెలు చూపిస్తున్నాయి గానీ ఏ ఆజ్ఞా తీసుకోవడం లేదు. నిపుణులు వచ్చేసరికి ఒంటిగంట.

ఎప్పుడు తాకుతుంది? పొద్దు పొడిచింది ఆరూ ఎనిమిదికి, కుంకేది ఆరూ ముప్ఫై నాలుగుకి. ఎండ ఎక్కిన తీరులోనే దిగుతుంది. కొస సరిగ్గా నడుమ. పన్నెండూ ఇరవై ఒకటి.

"అక్కా, ఈడ నీడ పొట్టిగా అయ్యేది ఎప్పుడు?" కూలీల పెద్ద లక్ష్మీదేవమ్మను అడిగింది.

"పన్నెండు దాటినంకనే. గొర్రెలు మేపేటప్పుడు కట్టె నాటి చూస్తాంటి. ఏంటికమ్మే?"

అంబుజ దాచకుండా చెప్పేసింది. చివర్న, "కడిగిన పలకల మీద మన్ను చల్లాల," అంది.

"నడుములు ఇరిగేట్టు కడిగి, మళ్ళా మన్నా? ఎండదెబ్బ తగిలిందేందే నీకు?"

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు.

"కొండను కూలదోసే పన్లేదక్కా. కొస గీతను అట్ల తాకుతాది, అంతే. ఎంటికవాసి దించితే సాలు. ఒక పలకకు నీడపడితే దాని వరుసంతా కుంటుతాది. ప్రతీక్ ఈ సంగతి కనుక్కున్నందుకే సచ్చిపాయ."

లక్ష్మీదేవమ్మ నవ్వు ఆగింది. "ఆ పిల్లోడు నా సేతి మజ్జిగ తాగినోడు." చెయ్యి కడుక్కుని లేచింది. "లేయండే!"

నలభై బకెట్లలో ఎర్రమన్ను నిండింది. బ్లాకు ఇన్‌చార్జి యోగీశ్ బైకు మీద దూసుకొచ్చాడు.

"ఏంది ఈ పని! రేపట్నుంచి ఒక్కరికీ పని లేదు, కెలస లేదు!"

"లేకుంటే పాయ!" అంది లక్ష్మీదేవమ్మ. "ఈ ఏడో బ్లాకు మీకు కౌలుకిచ్చిన మా శెనక్కాయ సేను. పలకలు మీవైతే కానీ, మన్ను ఇంగా మాదేప్పా!"

అంబుజ ఐడీ కార్డు చూపించింది. "కరెంటు ఎంతుందో చదువు, యోగీశ్."

అతను ఫోన్ చూశాడు. "నలభై తొమ్మిది పాయింట్ ఎనిమిది... ఎక్కుతాంది మేడం."

వరుస వరుసకూ మన్ను చల్లుతుండగానే పన్నెండు దాటింది. పిడిలో నరసింహయ్య గొంతు: "చూశావా, ఏమీ కాలేదు. కొండ సేఫ్!"

"కొండకేం సార్, ఎప్పుడూ సేఫే."

పన్నెండూ పదిహేనుకి తెల్ల జీపు ఆగింది. నల్లద్దాలు, గంధం రంగు సూటు, ఎత్తు మడమల చెప్పులు. తనుశ్రీ. చేతిలో పిస్టల్.

"కొండ అని చెప్పింది నువ్వే," అంది అంబుజ. "ఎవరి జీతం తీసుకుని?"

"ఎక్కువ ఇచ్చేవాళ్ళది. తుడవండి, తొందరగా! రిపోర్టు టైపయిపోయింది. కడిగే ఆడవాళ్ళు నీళ్ళు ఎక్కడపడితే అక్కడ పోసి షార్ట్ సర్క్యూట్ చేశారు, అందుకే పార్కు ఆగిపోయింది అని."

"మా మీదికా!" లక్ష్మీదేవమ్మ ట్యాంకర్ పైపు ఎత్తి కుళాయి తిప్పింది. నీటి దెబ్బకు నల్లద్దాలు ఎగిరాయి, పిస్టల్ బురదలో పడింది. అంబుజ దాని మీద కాలు పెట్టింది.

కానీ ఆ నీళ్ళు పలకల మీదా పడ్డాయి. మూడు వరుసలు తళతళ మెరిశాయి.

"నలభై తొమ్మిది పాయింట్ తొమ్మిది ఏడు!" యోగీశ్ అరిచాడు. "తొమ్మిది ఎనిమిది!"

మన్ను తవ్వే వ్యవధి లేదు. లక్ష్మీదేవమ్మ తలగుడ్డ విప్పి తడి పలక మీద పరిచింది. వెనకే నలభై తలగుడ్డలు. అంబుజ తువాలు కూడా.

"తొమ్మిది తొమ్మిది..."

పన్నెండూ ఇరవై ఒకటి.

"తొమ్మిది తొమ్మిది. అట్లే ఉండాది... అట్లే ఉండాది... తొమ్మిది ఎనిమిది! దిగుతాంది మేడం!"

ఇక సాయంత్రం దాకా దిగడమే. ఒంటిగంటకు నిపుణులు వచ్చి ప్రోగ్రామ్‌ను పీకేస్తారు. బురదలో కూర్చున్న తనుశ్రీ చేతులను యోగీశ్ కేబుల్ తాడుతో కట్టాడు.

"ఇదంతా మళ్ళా కడగాల్సింది మేమేనా?" లక్ష్మీదేవమ్మ నడుము మీద చేతులు పెట్టి అడిగింది.

"రేపు కడుగుదాం. ఈ పొద్దు ఎవరు చెప్పినా కడగొద్దక్కా."

పిడి మోగింది. ఈసారి నరసింహయ్య కోడ్ కూడా అడగలేదు.

"అంబుజా... కొండ మీద మనవాళ్ళు ఎండలో మాడిపోతున్నారు. వాళ్ళకేం చెప్పమంటావు?"

"దిగమనండి సార్. గ్రాఫ్ దిగి పది నిమిషాలయింది."