ముప్పై రెండుతో వచ్చిన తంటా

యంత్రం బిగించి, చేతులు కడుక్కుని, మెకానిక్ ఇంకా గేటు దాటలేదు. వెనక నుంచి అలారం మోగింది. దాని వెనకే ఒక అమ్మాయి గొంతు. రెండిట్లో ఏది గట్టిదో అతను అప్పటికప్పుడు తేల్చుకోలేకపోయాడు.

"ఏమండీ, మీ యంత్రం ఏడుస్తోంది. ఊరుకోబెట్టి వెళ్ళండి."

అది కోడిపిల్లల్ని పొదిగించే చిన్న హేచరీ. ఒక పెద్దాయన, ఆయన కూతురు, ఇద్దరే నడుపుతారు. పెద్దాయన నలభై ఏళ్ళ అనుభవమంతా ఒక నల్ల అట్ట నోటుపుస్తకంలో ఉంది. అంతా ఫారన్‌హీట్‌లోనే. గుడ్లకు తొంభై తొమ్మిదిన్నర డిగ్రీల వేడి ఉండాలి. దాని మీద ఒకటీ పాయింట్ ఎనిమిది డిగ్రీలు పెరిగితే అలారం మోగాలి. కొత్త యంత్రానికేమో సెల్సియస్ తప్ప మరో భాష రాదు. అందుకని మెకానిక్ ఫోన్లో లెక్క కట్టి, రెండు అంకెలనూ మార్చి యంత్రంలో ఎక్కించాడు.

అతను చదివింది డిగ్రీయే. అయినా డిగ్రీలతోనే దెబ్బ తిన్నాడు. ఆ సంగతి అతనికి తెలియడానికి ఇంకా చాలా రోజులున్నాయి.

ఇది అతను సొంతంగా బిగించిన మొదటి యంత్రం. ఇది నిలబడితే ఉద్యోగం నిలబడుతుంది. లేకపోతే యంత్రం, తను ఒకే బండిలో వెనక్కి వెళ్ళాలి.

మర్నాడు వచ్చి సెన్సర్ మార్చాడు. అలారం మోగింది. మూడో రోజు వైర్లన్నీ మార్చాడు. మోగింది. మీట నొక్కితే గంటసేపు ఊరుకుని, చంటిపిల్లలా మళ్ళీ అందుకునేది. అమ్మాయి అతనికి "అలారం గారు" అని పేరు పెట్టేసింది. అతను యంత్రం కింద దూరితే పైనుంచి టార్చి పట్టేది. వెలుతురు సగం అతని మీదే పడుతోందని అతను ఒకసారి మెల్లగా మనవి చేసుకుంటే, చెడిపోయిందేదో అదే కనబడుతోందని జవాబిచ్చింది.

గుడ్ల మధ్య తిరిగే మనిషి కాబట్టి ఎవర్నీ గుడ్డిగా నమ్మదు. ఏం విప్పుతున్నాడో, ఎందుకు విప్పుతున్నాడో అన్నీ అడిగేది. అతను చెప్పేవాడు. కొన్నాళ్ళకు అడక్కుండానే చెప్పేవాడు. ఇంకొన్నాళ్ళకు యంత్రంతో సంబంధం లేనివీ చెప్పాడు: అద్దెగదిలో పంపు కారడం, అమ్మ ఫోన్లో పెట్టే చీవాట్లు, చిన్నప్పుడు ఇంట్లో గోడ గడియారం విప్పి మళ్ళీ బిగించలేకపోవడం. చివరి సంగతి తనకు ముందే తెలుసంది అమ్మాయి.

పదిహేడో రోజు పొద్దున అతనికి మేనేజర్ నుంచి ఫోన్ వచ్చింది. హేచరీ పెద్దాయన ఫిర్యాదు చేశాడట. రేపటికి అలారం ఆగకపోతే యంత్రాన్ని వెనక్కి తెమ్మన్నాడు మేనేజర్. నువ్వు కూడా దాంతో పాటే వచ్చెయ్, మళ్ళీ పనికి రానక్కర్లేదు, అన్నాడు.

హేచరీకి వచ్చి, నవ్వుతూనే ఆ మాట చెప్పాడు. అమ్మాయి నవ్వలేదు. చేతిలో గుడ్ల ట్రేని బల్ల మీద పెట్టింది.

"సెట్టింగుల్లో అలారం పేజీ తియ్యండి," అంది.

తీశాడు. మైనస్ పదహారు పాయింట్ ఎనిమిది అని ఉంది. తన చేత్తో వేసిన అంకె. తన అంకెను తనే అనుమానించే మగాడు ఇంకా పుట్టలేదు.

"మీరు ఒకటీ పాయింట్ ఎనిమిదిలోంచి ముప్పై రెండు తీసేశారు. వేడి ఎంత ఉందని అడిగితే తియ్యాలి. ఎంత పెరిగిందని అడిగితే తియ్యకూడదు. మనిద్దరం ఒకే ఎత్తు పీటల మీద నిలబడ్డామనుకోండి. పీటలు తీసేస్తే మన పొడుగుల్లో తేడా మారుతుందా? ఐదుతో గుణించి తొమ్మిదితో భాగిస్తే చాలు. ఒక్క డిగ్రీ."

సెల్సియస్‌లో ముప్పై ఏడున్నర దగ్గర గుడ్లు ఉండాలి. అతనేమో అంతకు పదహారు పైగా తక్కువలో, ఇరవై డిగ్రీలు దాటగానే మోగమని చెప్పాడు. అంటే, పని చేస్తున్నంతసేపూ ఏడుస్తూ ఉండు అని. యంత్రం పాపం చెప్పిన మాట విన్నది.

మైనస్ పదహారు పోయి ఒకటి వచ్చింది. అలారం ఆగింది. పదిహేడు రోజుల తర్వాత ఆ గదిలో యంత్రం ఫ్యాన్ చప్పుడు తీరిగ్గా వినబడింది.

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు అతను.

"మూడో రోజు."

అతని మొహంలో వేడి దిగిపోయింది. ఎంత దిగిందో కొలవడానికి ఏ స్కేలూ అక్కర్లేదు.

"అయితే రెండు వారాలుగా నన్ను చూసి నవ్వుకుంటున్నారన్నమాట," అని సంచి సర్దుకోబోయాడు.

అమ్మాయి గోడకు వేలాడే పుస్తకం తీసి అతని చేతిలో పెట్టింది. అందులో రోజువారీ వేడి రాస్తారు. ప్రతి రోజుకీ ఒక వరస, చివర పెద్దాయన సంతకం. మూడో రోజు వరసలో పెన్సిలుతో సన్నగా ఉంది: "తప్పు దొరికింది. చెప్తే ఇక రారు. రేపు చెప్తా." నాలుగో రోజు: "రేపు." ఐదో రోజు: "రేపు." పదహారో రోజు దాకా అదే మాట.

"మీ ఉద్యోగం దాకా వస్తుందనుకోలేదు. అనుకుంటే ఆ రోజే చెప్పేదాన్ని," అంది తలెత్తకుండా.

అతను ఆ పేజీని రెండుసార్లు చదివాడు. పుస్తకాన్ని జాగ్రత్తగా మేకుకు తగిలించాడు.

"ఆ ఫ్యాన్ మూడుసార్లు విప్పాను గదా," అన్నాడు. "అది మొదట్నుంచీ బాగానే ఉంది."

ఇరవై ఒకటో రోజు గుడ్లు చిట్లాయి. గదినిండా పసుపు రంగు కిచకిచలు. మెకానిక్ సంచి లేకుండా, దువ్వుకున్న తలతో వచ్చాడు. పెద్దాయన గుమ్మంలోనే ఆపాడు.

"అలారం మోగలేదే అబ్బాయ్, ఎందుకొచ్చావు?"

"అందుకే వచ్చానండీ. మోగకపోతే రావడానికి వేరే దారి లేదు. మీరు ఒప్పుకుంటే, మీ అమ్మాయిని..." అక్కడ అతని మీట ఎవరో నొక్కినట్టయింది.

"ఆ పుస్తకంలో రోజూ సంతకం పెట్టేది ఎవరనుకున్నావు?" అన్నాడు పెద్దాయన. "గుడ్డుకి ఇరవై ఒక్క రోజులు చాలు. మా అమ్మాయి రాసిన 'రేపు' మాత్రం ఎప్పటికీ వచ్చేలా లేదు. అందుకే మీ మేనేజరుకి ఫోన్ కొట్టా. నిన్న మళ్ళీ కొట్టి, యంత్రం బాగుంది, మనిషి ఇంకా బాగున్నాడని చెప్పాన్లే."

లోపల పిల్లల్ని లెక్కపెడుతున్న అమ్మాయి లెక్క తప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. మొహం అటు తిప్పుకున్నా నవ్వు దాగలేదు.

పెద్దాయన అటు చూసి, గొంతు తగ్గించాడు.

"చూశావా, పళ్ళన్నీ కనబడుతున్నాయి. అలారం లెక్కలో ముప్పై రెండు తియ్యకూడదని నేర్చుకున్నావు. ఇంట్లో కూడా అంతే బాబూ. ఆ ముప్పై రెండులో ఒక్కటి తగ్గినా, మోగేది నేను."