డిస్కు చివర వదిలిన ఖాళీ

ఎండ ఫెళఫెళా కాస్తున్న పట్టపగలు. దెయ్యం కథకి ఇదేం వేళ అని నవ్వుకుంటారేమో, నవ్వుకోండి! ఈ కథ జరిగిన గదిలోకి ఎండ ఏనాడూ తొంగిచూడలేదు. అక్కడ పగలూ రాత్రీ అన్న తేడాయే లేదు.

మన మెకానిక్ కంప్యూటర్లు బాగుచేస్తాడు. యాభై దాటాయి, నెత్తిమీద మిగిలిన నాలుగు వెంట్రుకలూ తెల్లబడ్డాయి. అయినా వాళ్ళ అక్కకి మాత్రం ఇంకా "చిన్నోడే". మహా మాటకారి. ఎదురుగా మనుషులు లేకపోతే మెషీన్లతోనే కబుర్లు పెట్టుకుంటాడు. "ఏం తల్లీ, ఇవాళ మొరాయిస్తున్నావు?" అని మదర్‌బోర్డుని పలకరిస్తాడు. "అంత వేడెక్కితే ఎలా నాయనా, నెమ్మదిగా, నెమ్మదిగా" అని ఫ్యానుని బుజ్జగిస్తాడు. పనిలో ఉన్నంతసేపూ ఆ నోరు మూతపడదు.

ఆ రోజు అక్క ఇంటికి వెళ్ళాడు.

"వచ్చావా చిన్నోడా! చెప్పులు గుమ్మానికి అడ్డంగా విప్పకు, పక్కన పెట్టు."

"గడపైనా దాటనియ్యవా అక్కా, అప్పుడే మొదలెట్టావు!"

"నువ్వొచ్చి వెళితే ఇల్లంతా స్క్రూలేగా. మొన్న ఒకటి నా కాల్లో దిగింది."

"అది నాది కాదు. మీ ఆయన కుర్చీది."

"మీ ఆయన" అనగానే అక్క తనే వంగి అతని చెప్పులు పక్కన పెట్టింది. బావ పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

బావ సంగతి చెప్పాలి మీకు. చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసేవాడు. ఆయన గొంతు వింటే, ఖాళీ కుండలోకి నీళ్ళు వంపుతుంటే అడుగు నుంచి నిండుకుంటూ వచ్చే చప్పుడు గుర్తొచ్చేది. అంత లోతు, అంత చల్లదనం. రికార్డింగు కోసం ఇంటి మధ్యలో ఉన్న సామాన్ల గదిని ఖాళీ చేయించి, నాలుగు గోడలకీ, పైకప్పుకీ, తలుపుకీ స్పాంజీ అంటించాడు. కిటికీ లేదు. తలుపు వేస్తే వీధిలో బాంబు పేలినా లోపలికి వినపడదు. లోపల అరిచినా అంతే, బయటికి రాదు.

అలాంటి గొంతు చివరి రోజుల్లో పోయింది. ముందు కాస్త బొంగురుపోయింది. తర్వాత గుసగుస అయింది. ఆ తర్వాత అదీ లేదు. డాక్టర్లు లైటు వేసి చూసి, గొంతులో ఏ లోపమూ లేదే అని మొహాలు చూసుకున్నారు. పాపం, పెదాలు కదుపుతూ, కదుపుతూనే వెళ్ళిపోయాడు మనిషి.

ఇప్పుడు అక్కకి మిగిలిందల్లా ఆ కంప్యూటర్లో ఉన్న రికార్డింగులే. రోజూ హెడ్‌ఫోన్ పెట్టుకుని ఏదో ఒక పుస్తకం వింటూ ఉండేది. నెలయింది, కంప్యూటర్ లేవడం మానేసింది. సగం దాకా వచ్చి నల్లతెర వేసుకుని కూచుంటోంది.

"ఫోన్లో ఏమన్నా ఉన్నాయా అక్కా, బావ మాటలు?"

"ఎందుకుంటాయి రా? ఎప్పుడూ పక్కనే ఉండేవాడుగా, ఫోన్ చేసే పనేముంది మాకు?" అంది. ఆ మాట అంటూ నవ్వబోయింది, కానీ నవ్వు రాలేదు. "ఎలాగైనా వినిపించరా. నిద్ర పట్టి ఎన్నాళ్ళయిందో నాకే తెలీదు."

"పాత సిస్టం చెడింది అంతే. దాన్ని తీసేసి లినక్స్ వేస్తా. ఉచితం, ఎవరి దయా అక్కర్లేదు. బావ రికార్డింగులు వేరే భాగంలో ఉన్నాయి, వాటి జోలికే వెళ్ళను. నువ్వు హాయిగా కూర్చో."

"పైన బెత్తెడు వదలకుండా వెయ్యి మరి!" అని ఎగతాళి చేసింది అక్క. మనవాడికో అలవాటుంది లెండి. చక్కెర డబ్బా నింపినా పైన బెత్తెడు ఖాళీ వదులుతాడు. పెట్టె సర్దినా ఓ మూల వదులుతాడు. డిస్కుని భాగాలు చేసేటప్పుడూ అంతే, చివర్లో కొంచెం ఎవరికీ ఇవ్వకుండా వదిలేస్తాడు. ఎందుకూ అంటే, "గాలాడాలి కదా" అంటాడు. బావకి ఈ కంప్యూటర్ బిగించి ఇచ్చింది కూడా తనే. అప్పుడూ అలాగే వదిలాడు.

గదిలో బల్బు ఎప్పుడో పోయింది, తెర వెలుతురే చాలనుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. పాత స్పాంజీ వాసన, తడి బట్ట మురిగిన వాసన, వాటి కింద సన్నగా ఇంకేదో... మనిషి నోటి వాసన లాంటిది. తన మాటే తనకి చెవుల దగ్గర ఆగిపోయినట్టుంది. ఆ గదిలో ప్రతిధ్వని ఉండదు. ఏ మాటైనా నోట్లోంచి బయటపడగానే ఎవరో మింగేసినట్టు మాయమవుతుంది.

"అబ్బో, బావ కోట ఇంకా చెక్కుచెదరలేదే," అనుకుంటూ పెన్‌డ్రైవ్ గుచ్చాడు. దాన్లోంచి లినక్స్ లేచింది. ముందుగా రికార్డింగులు తను తెచ్చిన డిస్కులోకి కాపీ చేశాడు. జాగ్రత్తపరుడే, తప్పు పట్టకూడదు. ఒకటి తెరిచి చూశాడు. నిడివి సరిగ్గానే ఉంది, గీత కదులుతోంది, కానీ మాట లేదు. ఇంకోటి తెరిచాడు. అదీ మూగదే.

"సౌండు కార్డు అలిగినట్టుంది. కొత్త సిస్టం వేస్తే అదే పలుకుతుందిలే," అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. గొంతులో గరగర అనిపించింది. దగ్గాడు. స్పాంజీ దుమ్ము కాబోలు అనుకున్నాడు.

కొత్త సిస్టం ఎక్కించే ఇన్‌స్టాలర్ అడిగింది. డిస్కంతా తుడిచి వెయ్యమంటావా, నీ చేత్తో నువ్వే పంచుతావా అని. చేత్తోనే అన్నాడు. తెరమీద డిస్కు మొత్తం అడ్డంగా ఓ రంగుల పట్టీలా పరుచుకుంది. ఎడమవైపు పాత సిస్టం. మధ్యలో పెద్దగా, నీలంగా బావ రికార్డింగులు. చివర్లో తను వదిలిన ఖాళీ.

ఖాళీ లేదు.

అక్కడ ఓ బూడిదరంగు భాగం ఉంది. పేరు లేదు. ఏ రకమో తెలియదని రాసి ఉంది.

"ఇదెవరు చేశారబ్బా?" అన్నాడు పైకే. బావకి డిస్కు అంటే కంచమో పళ్ళెమో అన్నంత అమాయకత్వం. అక్క చెయ్యదు. "ఎవరైతేనేం, పద బయటికి," అని దాన్ని చెరిపేశాడు. పాత సిస్టాన్నీ చెరిపి, ఆ చోటులో కొత్తదానికి ఒక భాగం, అది పనిలో వాడుకునే చిత్తు జాగా, అదే స్వాప్‌కి, ఒక భాగం ఇచ్చాడు. నీలం భాగాన్ని హోమ్, అంటే సొంత ఫైళ్ళుండే చోటు, అని చూపించి, ఫార్మాట్ గడిలో టిక్కు లేదని రెండుసార్లు కళ్ళు తుడుచుకుని మరీ చూశాడు. ఆ ఒక్క టిక్కు పడిందంటే బావ గొంతు గాల్లో కలిసినట్టే.

ఖాయం చెయ్యమన్నాడు. పట్టీ ఒకసారి మాయమై మళ్ళీ వచ్చింది.

బూడిదరంగు భాగం అక్కడే ఉంది. ఇందాకటికంటే కొంచెం వెడల్పయింది.

"అదేంటి!"

ఇంకొంచెం వెడల్పయింది.

"నాయనోయ్, ఇది నీలంలోకి వస్తోందేంటి... ఆగు, ఆగాగు, నేను చెరిపేశాగా నిన్ను..."

మాట మాటకీ పక్కకి జరుగుతోంది. నీలం తగ్గుతోంది. మళ్ళీ చెరిపాడు. మళ్ళీ వచ్చింది. తిట్టాడు. తిట్టు నోట్లోంచి రాగానే బూడిదరంగు ఒక్కసారి ఉబ్బి, నీలాన్ని సగం దాకా కమ్మేసింది. ఆ తిట్టు తన చెవులకే సరిగా వినపడలేదు. గొంతు బొంగురుపోయింది.

అప్పుడు తట్టింది మనవాడికి.

నోరు మూసుకున్నాడు.

పట్టీ ఆగింది.

వీపు మీద చెమట కాలువ కట్టింది. బావ... ఈ గదిలో... ఏళ్ళ తరబడి, రోజంతా చదువుతూ... దాని ఎదురుగానే కూర్చుని. గొంతు పోయేదాకా.

తను వదిలిన ఖాళీలోకి ఏదో వచ్చి చేరింది. ఎప్పుడు చేరిందో, ఎక్కణ్ణించి చేరిందో.

కంప్యూటర్ ఫ్యాను ఆగింది. ఆ గదిలో నిశ్శబ్దం ఎలాంటిదంటే, తన చెవుల్లో తన రక్తం పారుతున్న చప్పుడు తనకే వినపడింది. ఆ చప్పుడు మీదుగా, బల్లమీది స్పీకర్లోంచి, మెల్లగా...

"బామ్మర్దీ..."

బావ గొంతే. అదే కుండ, అవే నీళ్ళు.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెదవి కొరుక్కున్నాడు.

"పలకవేం... బామ్మర్దీ... ఒక్క మాట..."

పలకలేదు. రెండు చేతులతో నోరు గట్టిగా నొక్కుకున్నాడు. కాలితో తడిమి, ఒక చేత్తో కరెంటు తీగ దొరకబుచ్చుకుని పూర్తిగా ఊడబీకాడు. తెర ఆరిపోయింది. చిమ్మచీకటి. ఆ చీకట్లో దగ్గరగా ఎవరో ఊపిరి పీలుస్తున్నారు... వదలడం లేదు... పీలుస్తూనే ఉన్నారు...

తడుముకుంటూ తలుపు దాకా వెళ్ళాడు. పిడి చేతికి తగలగానే తలుపు బయటినుంచే తెరుచుకుంది. వెలుగు. గుమ్మంలో అక్క.

"ఏరా, అయిందా? ఆ మొహమేంటి, అలా పాలిపోయింది?"

"అక్కా," అన్నాడు. అలవాటైన నోరు కదా! ఎదురుగా మనిషి కనపడితే ఆగుతుందా? "నువ్వు అవతలికి పో, తలుపు..."

అంతే. ఆ తర్వాత పెదాలు కదిలాయి గానీ మాట లేదు. అరిచాడు. గాలి కూడా రాలేదు. దగ్గబోయాడు, దగ్గుకీ చప్పుడు లేదు.

అతని వెనక, చీకట్లోంచి, అతని గొంతే హుషారుగా పలికింది.

"అయిపోయిందక్కా! రా, వచ్చి విను. బావ ఎంత బాగా పలుకుతున్నాడో!"

అక్క మొహం వెలిగిపోయింది. అలాంటి మొహాన్ని చూసి ఎన్నాళ్ళయిందో. తమ్ముడి మూగబోయిన నోరుని ఆమె చూడనే లేదు. ఆమె చూపు అప్పటికే అతని భుజం మీదుగా లోపలికి వెళ్ళిపోయింది. చెయ్యి పట్టుకు ఆపాడు. తల అడ్డంగా ఊపాడు.

"వదలరా, ఆటలా నీకు? నెలనుంచి చెవులు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాను," అని విదిలించుకుని లోపలికి వెళ్ళింది. అలవాటైన చీకటే ఆమెకి. కుర్చీ తడిమి కూర్చుంది, హెడ్‌ఫోన్ తగిలించుకుంది.

కరెంటు తీగ ఇంకా మెకానిక్ చేతిలోనే ఉంది. చూపించాడు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది.

"ఆ... ఆ... ఇదే రా, ఇదే గొంతు. మీ బావే..." కన్నీళ్ళు బుగ్గల మీదికి జారుతుంటే నవ్వింది. "అరే, పక్కనే నువ్వూ చదువుతున్నావే! ఎప్పుడు రికార్డు చేశాడురా నీది? భలే ఉంది, ఒకరి తర్వాత ఒకరు..."

ఆమె భుజాలు పట్టుకుని ఊపేశాడు. నోటిమీద చెయ్యి అడ్డం పెట్టబోయాడు. మాట్లాడకే, నీకు దండం పెడతా, మాట్లాడకే... ఆమె ఆ చేతిని ప్రేమగా పక్కకి తీసి, తన చేతిలో పెట్టుకుంది.

"ఉష్, విననియ్యరా. ఇంకో గొంతు కలిసింది. ఎవరో ఆడమనిషి." చెవి ఒగ్గింది. "ఎవర్రా ఈవిడ? మీ బావకి తెలిసినావిడా? మాటతీరంతా అచ్చం..."

ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. మాట ఆగిపోయింది.

అక్కకి ఆ సంగతి తెలియలేదు. ఏదో అడుగుతోంది, నవ్వుతోంది, మధ్యమధ్య తల ఊపుతోంది. అతను ఆమె చెయ్యి పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. హెడ్‌ఫోన్ అంచుల్లోంచి సన్నగా వినపడుతూనే ఉన్నాయి, మూడు గొంతులు వంతులవారీగా ఏదో పుస్తకం చదువుతున్నాయి. ఏ పుస్తకమో తెలియడం లేదు. బావ పోయాక పుస్తకాలన్నీ గ్రంథాలయానికి ఇచ్చేసింది అక్క. ఆ గదిలో చిత్తుకాగితం ముక్క కూడా లేదు.

మూడు గొంతులూ ఒక్కసారి ఆగాయి.

కాగితం తిప్పిన చప్పుడైంది. అది హెడ్‌ఫోన్లోంచి రాలేదు.