నూగుగోడ

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. చెయ్యి నెమ్మది, ఈ కథకు నెలన్నర పట్టింది.

ఇది ఇప్పటికి వందేళ్ల తర్వాతి మాట. కెంపుపాలెంలో ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. అంగారకుడి నేల కింద సొరంగాల్లో కట్టిన ఊరది. మంట పెడితే పీల్చే గాలి తరిగిపోతుంది. అందుకని ఊరంతటికీ ఒకటే వంటసాల. నూకలు వేసి కాచిన రాగి అంబలి అక్కణ్ణించి పెద్దగొట్టంలో బయలుదేరి తిన్నగా చివరివాడకు చేరుతుంది. మధ్యలో పక్కగా చీలిన పిల్లగొట్టం పక్కవాడకు పోతుంది. పక్కవాడంటే నాలుగిళ్లు.

నాలుగేళ్లుగా పక్కవాడ పిల్లలు చిక్కిపోతున్నారు. ఆ వాడలోనే పుట్టి ద్రవశాస్త్రం చదివిన హైమ కారణం కనిపెట్టింది. నూకలున్న చిక్కటి ద్రవం గొట్టంలో పారేటప్పుడు నూకలు గోడకు దూరం జరిగి నడిమికి చేరతాయి. గోడను ఆనుకుని పలచటి తేట మిగులుతుంది. దానికామె గోడపొర అని పేరు పెట్టింది. పిల్లగొట్టం చీలేది గోడ దగ్గరే గనక అందులోకి ఆ తేటే పోతుంది. చిక్కనిదంతా చివరివాడకు.

విరుగుడుగా ఆమె నూగుగోడ తయారు చేసింది. గొట్టం లోపలంతా కంటికి ఆననంత సన్నటి నూగు. కరెంటు తగిలితే అది ఊగి అంబలిని తిరగదోడుతుంది. నూకలు మళ్లీ గోడదాకా వస్తాయి.

అయితే కొత్త గొట్టం వెయ్యాలంటే ఊరి గాలీ నీరూ చూసుకునే యంత్రం, గణకి, సరేననాలి. గణకి అనలేదు.

"మీ సిద్ధాంతం నిజమైతే పాత గొట్టం వేసిన ముప్పై నాలుగేళ్లూ పక్కవాడకు తేటే వెళ్లి ఉండాలి," అంది. "అయిదో ఏట మీ బరువు పద్దెనిమిది కిలోలు. తేట తాగిన పిల్లకు ఆ బరువు రాదు. మీ సిద్ధాంతానికి మీరే అడ్డం."

తన చిన్నతనంలో అంబలి ఎలా వచ్చేదని హైమ వాడలో పెద్దవాళ్లను అడుగుతూ పోయింది. చివరివాడ తవిటమ్మ రోజూ రెండు బిందెలతో వచ్చేదనీ, నాలుగేళ్ల కిందట నడవలేక మానేసిందనీ ఒకామె చెప్పింది.

తవిటమ్మను అడిగితే ముందు నవ్వేసింది. తర్వాత ఒప్పుకుంది. తన వాడ అంబలి తెచ్చి పక్కవాడ తొట్టిలో పోసి, అక్కడి తేట పట్టుకుపోయేదట. తన అత్తకు పళ్లు లేవు, పలచనిదే దిగుతుందని వంక చెప్పేదట. అత్త పోయాక ఇరవై ఏళ్లూ అదే వంక.

"మాకు పలచగా వస్తోందని నీకెలా తెలిసింది పిన్నీ?"

"మీ గిన్నెల్లో మీ మొకాలు అవుపించీవి. అంబల్లో మొకం అవుపించకూడదమ్మా."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

ముసలామె చీర అంచు నలిపింది. "ఆ గొట్టం ఏసింది మీ సిన్నాన. వొంకర్గా ఏసేడనుకున్నాను. నలుగురికీ తెలిస్తే ఆయన పరువేటవుద్ది? ఇంట్లో మటుకు, ఆయన పోయినదాకా దెప్పుతూనే ఉన్నాను."

ఆ బిందెల్ని కలుపుకుంటే గణకికి లెక్క సరిపోయింది. వారం తిరక్కుండా కొత్త గొట్టం పడింది. పక్కవాడ పిల్లల గిన్నెల్లో నూకలు దిగాయి.

హైమ తొలి గిన్నె తవిటమ్మకు పట్టుకెళ్లింది. "చిన్నాన్న తప్పేం లేదు పిన్నీ. గొట్టం ఎవరేసినా అంతే. నూకల తత్వం అది."

తవిటమ్మ గిన్నె పక్కన పెట్టింది. "ఈ ముక్క అప్పుడే తెలిస్తే ఆయన్ని ఒక్క మాటా అనకపోదును," అంది. మళ్లీ తనే, "బిందే ఎత్తకపోదును," అంది. "ఎవుడి తప్పూ కాదంటే నానెందుకు మోస్తాను? అందర్లాగే అయ్యో అనీసి ఊరుకుందును."

గోడమీద చిన్నాన్న ఫొటో ఉంది. చెయ్యని తప్పుకు ఏళ్లతరబడి మాటలు పడ్డ ఆ మనిషికి హైమ రెండు చేతులూ జోడించింది. తర్వాత కింద కూర్చుని తవిటమ్మ కాళ్లు ఒత్తసాగింది.

— బెవర సూరమ్మ, డెబ్బై మూడేళ్లు. ఇప్పుడు ఉంటున్నది రాజాంలో.