మూసిన తలుపు ముందు ఆఖరి గంట

"ఎవరయ్యా నువ్..."

అంతే. ఆ పెద్దమనిషి నోట్లోంచి మిగతా మాట రాకముందే కుర్రాడు కుర్చీలోంచి దిగ్గున లేచాడు. రెండు చేతులూ జోడించి, మూసి ఉన్న గది తలుపు చూపించి, అడ్డంగా తల ఊపాడు. అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు.

లోపల ఆ పెద్దమనిషి కూతురు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికేషన్ పరీక్ష రాస్తోంది. ఆన్‌లైన్ పరీక్ష. ఎక్కడో కూర్చున్న ఇన్విజిలేటర్ కెమెరాలోంచి ఆమెను కనిపెడుతూ ఉంటాడు. ఇంకో గొంతు వినబడిందా, పరీక్ష రద్దు.

మొదటిసారి తప్పింది. రెండోసారి నానమ్మ "నా మందుబిళ్ళ ఎక్కడ పెట్టావే?" అంటూ తలుపు తోసుకుని వెళ్ళింది. అక్కడికక్కడే ఆపేశారు. ఇది మూడోసారి. ఇదీ పోతే ఏడాది దాకా మళ్ళీ రాయనివ్వరు. ఆఫీసులో ఆమెకిస్తామన్న కొత్త ప్రాజెక్టు ఇంకొకరి చేతుల్లోకి పోతుంది.

అందుకే ఆమె, ఈ కుర్రాడు ఇద్దరూ నెలరోజులు చదువుతోపాటు రిస్కుల లిస్టు కూడా రాశారు. కరెంటు పోతే బ్యాటరీ. ఇంటర్నెట్ పోతే అతని ఫోను. నానమ్మను వెంటబెట్టుకుని అమ్మ పిన్నిగారింటికి వెళ్ళింది. కాలింగ్ బెల్లు వైరు పీకేశారు. తలుపు కాపలాకి, ఆఫీసులో ఆమె పక్క సీట్లో కూర్చునే ఈ కుర్రాడే. పద్నాలుగు రిస్కులు రాసిన ఆ మహా మేనేజర్లిద్దరికీ, నాన్న మధ్యాహ్నమే ఇంటికి రావచ్చన్న సంగతి మాత్రం తట్టలేదు. రెండుసార్లు పోయాక, ఈసారి తేదీ కూడా ఆయనకి చెప్పలేదు.

ఆయనకి డ్రైవింగ్ స్కూలుంది. ముప్పై ఏళ్ళుగా "బ్రేకు! బ్రేకు!" అని అరిచిన ఆ గొంతుకి గుసగుస చేతకాదు.

కుర్రాడు నోట్సు కాగితం తిప్పి రాశాడు. "పరీక్ష. ఇంకో గంట. మాట్లాడకండి, మీకు దండం పెడతాను."

ఆయన చదివారు. పెన్ను లాక్కుని రాశారు. "నువ్వెవరు?"

"ఆఫీసులో కలిసి పనిచేస్తామండీ."

"కలిసి పనిచేసేవాళ్ళంతా ఇలా కాపలా కాస్తారా?"

లోపల కుర్చీ కిర్రుమంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. కాసేపటికి మౌస్ చప్పుడు మళ్ళీ మొదలైంది. కుర్రాడికి అబద్ధమాడే ఓపిక పోయింది.

"మీ అమ్మాయంటే నాకు ప్రేమ. తనకి ఇంకా చెప్పలేదు. ముందే చెబితే చదువు పాడవుతుందని భయం. ఫెయిలయ్యాక చెబితే జాలి అనుకుంటుందని భయం."

ఆయన మొహం కందగడ్డయింది. నోరు తెరుచుకుంది. కుర్రాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఎంతసేపటికీ అరుపు వినబడలేదు. కళ్ళు తెరిచి చూస్తే, ఆయన నోట్లో జేబురుమాలు కుక్కుకుని ఉన్నారు.

తర్వాత నెమ్మదిగా రాశారు. "మరి పాసైతే?"

"అప్పుడింకా భయం. రేపటినుంచి నన్ను పిలవడానికి తనకి పనేం ఉండదు."

ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. స్టూలు చప్పుడు కాకుండా ఎత్తి తెచ్చుకుని, అతని పక్కనే కూర్చున్నారు. ఆయన కుడికాలు మాత్రం లేని బ్రేకును నొక్కుతూనే ఉంది.

గంట గడిచాక తలుపు తెరుచుకుంది. ఆమె కళ్ళు ఎర్రగా, బుగ్గలు తడిగా ఉన్నాయి. కుర్రాడు ఒక్క అడుగు ముందుకు వేశాడు.

"పోయిందా?"

"పాసయ్యాను," అని ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. "నాన్నా, మీరెప్పుడొచ్చారు?"

ఆయన కూతురి తల నిమిరి, చేతిలో కాగితం పెట్టారు. ఆమె అటూ ఇటూ తిప్పి రెండుసార్లు చదివింది.

"ఇదంతా నాన్నకి రాశావా?"

"ఆయన అడిగారు మరి."

"నేను అడగలేదని నాకు చెప్పలేదా?"

"భయమేసింది."

"నాకు వెయ్యలేదనుకున్నావా? చివర్లో ఆ సబ్మిట్ బటన్ దగ్గర ఆగిపోయాను. తలుపవతల నువ్వున్నావు కదా అనుకుంటూ నొక్కాను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "నిన్ను పిలవడానికి నాకు పనుండాలా? చెప్పు, ఇప్పుడు నోరు తెరిచి చెప్పు. ఇక ఎవరూ రద్దు చెయ్యరు."

అతను ఆయనకేసి బెదురుగా చూశాడు. ఆయన స్టూలు మీదే గోడవైపు తిరిగి కూర్చున్నారు.

కుర్రాడు చెప్పాడు. సగం మాట లోపలే ఉండిపోయింది.

"నాకూ," అంది ఆమె.